గంటసేపు దర్శనం

(మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. ఫోన్లో రికార్డు చేసినదాన్ని విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుస దాకా వినిపిస్తోందా? సరే.

నేను ముప్ఫై ఏళ్ళు జువాలజీ పాఠం చెప్పాను. చింపాంజీ బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్క లేదు. చింపాంజీని చూసింది మాత్రం రిటైరయ్యాకే. ప్రయాణానికి ముందు మా వీధి కిరాణా కొట్టాయన "ఎక్కడికో సామాను సర్దుతున్నారట మాస్టారూ" అని అడిగితే విషయం చెప్పాను. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "కోతుల్ని చూడ్డానికి ఆఫ్రికా దాకా ఎందుకండీ? పొద్దున్నే మా డాబా మీదికి రండి. ముప్ఫై ఉంటాయి. మా ఆవిడ వడియాలు ఎండబెట్టిన రోజైతే యాభై" అన్నాడు. (నవ్వులు)

ఆయన్ని తప్పు పట్టలేం. చింపాంజీ లాంటి తోక లేని జాతి మన వైపు అడవుల్లో లేనే లేదు. దేశం మొత్తం వెతికినా అసోం వైపు అడవుల్లో ఉండే గిబ్బన్లే దిక్కు. అందుకని వాటికి విడిగా ఒక పేరు పెట్టాల్సిన పని మనవాళ్ళకి పడలేదు. పాఠ్యపుస్తకంలో ‘తోకలేని కోతి’ అని రాసి సరిపెట్టేశాం. తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీ మాట్లాడేవాళ్ళు చింపాంజీని ‘సోక్వే మ్‌టు’ అంటారు. మ్‌టు అంటే మనిషి. పక్కనే బతికి చూసినవాళ్ళకి తోచిన మాట అది. వడియాలు తినే మన కోతి వంశమూ మన వంశమూ విడిపోయి సుమారు రెండున్నర కోట్ల ఏళ్ళయింది. చింపాంజీతో మనం విడిపోయి 60, 70 లక్షల ఏళ్ళే. ఇంకో విచిత్రం చెబుతాను. చింపాంజీకి గొరిల్లా కంటే మనిషే దగ్గరి చుట్టం. చూస్తే అలా అనిపించదు కానీ, రక్త సంబంధాలు మొహం చూసి తేల్చేవి కాదు కదా.

మేం వెళ్ళింది ఉగాండా పడమటి వైపున్న కిబాలె జాతీయ పార్కుకి. మా బావమరిది మందుల కంపెనీ ఉద్యోగంలో కంపాలాలో ఉంటున్నాడు. "అక్కా, మీరూ బావగారూ ఒక్కసారి రండి" అని నాలుగేళ్ళుగా పోరుతున్నాడు. మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే ఒక్క మాట. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకుండా ఆ దేశానికి బయల్దేరొద్దు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎంలో, అంటే ప్రభుత్వ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. అరవై దాటినవాళ్ళు ముందు డాక్టర్ని అడిగి మరీ వేయించుకోండి. నాకు ఆ సంగతి సూది దగ్గర కూర్చున్నాకే తెలిసింది.

కంపాలా నుంచి ఫోర్ట్ పోర్టల్ అనే ఊరికి మూడు వందల కిలోమీటర్లు. అక్కణ్ణుంచి అడవి దగ్గరే. దారంతా తేయాకు తోటలు. చాప పరిచినట్టున్న ఆ పచ్చదనం ఒకచోట ఆగిపోతుంది. ఆగిన చోటే గోడ కట్టినట్టు అడవి లేస్తుంది. అడవి అంచున తేయాకే ఎందుకు వేశారని అడిగాను. ఏనుగు తినదు, చింపాంజీ తినదు, అందుకని వేశారట. అదే మొక్కజొన్నో అరటో వేస్తే తెల్లారేసరికి చేను ఖాళీ. తేయాకు కూడా ఒక రకం కంచె అన్నమాట.

ఆ అడవి దాదాపు 795 చదరపు కిలోమీటర్లు. 1932లో రిజర్వ్ ఫారెస్టు చేశారు, 1993లో జాతీయ పార్కు చేశారు. కోతులూ తోకలేనివీ అన్నీ కలిపి 13 రకాలు. చింపాంజీలే సుమారు 1,450. మనం ఫిల్టర్లో వేసుకునే రొబస్టా కాఫీ మొక్క ఈ అడవిలో ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. మా ఆవిడకి చింపాంజీల కంటే ఆ మొక్కను చూసినప్పుడే ఎక్కువ ఆనందం కలిగిందని నా అనుమానం. (నవ్వులు)

పార్కులో టూరిస్టులు బయల్దేరే చోటు పేరు కన్యాంచు. వింటే చీర అంచు గుర్తొస్తుంది కదూ. పొద్దున్న ఎనిమిదికల్లా అక్కడ ఉండాలి. ఆకుపచ్చ యూనిఫాంలో ఒక రేంజరమ్మ వచ్చి అందర్నీ కూర్చోబెట్టి నియమాలు చెప్పింది. ఒక జట్టుకి ఆరుగురే. చింపాంజీలు కనిపించిన దగ్గర్నుంచి ఒక గంట, అంతే. దూరంగా నిలబడాలి. మాస్కు తీయకూడదు. అడవిలో ఏమీ తినకూడదు. ఫ్లాష్ కొట్టకూడదు. తిరుమలలో క్షణం దర్శనానికి రోజంతా నిలబడ్డవాళ్ళం, మనకి గంట అంటే వరమే. చివర్లో ఆవిడ గొంతు మార్చి అడిగింది. "ఎవరికైనా జలుబు, దగ్గు, జ్వరం, విరేచనాలు ఉన్నాయా?"

సరిగ్గా అప్పుడే మా బావమరిది తుమ్మాడు.

"ఏం లేదు బావగారూ, డస్ట్ అలర్జీ" అని నా చెవిలో అన్నాడు. జేబులోంచి మాత్ర కూడా తీశాడు, మందుల కంపెనీవాడు కదా. మా ఆవిడ ఊరుకోలేదు. "రాత్రంతా దగ్గావు కదరా" అంది, గట్టిగానే. తెలుగులోనే అంది. కానీ తోబుట్టువు మందలిస్తే ఏ భాషలో అయినా తెలుస్తుందనుకుంటా, రేంజరమ్మ మా వైపే చూస్తోంది.

మీ ముందు అబద్ధం చెప్పను. ఆ క్షణంలో నాకు మొదట గుర్తొచ్చింది చింపాంజీలు కావు, డబ్బు. మేం వెళ్ళినప్పుడు విదేశీయులకి పర్మిట్ మనిషికి 250 డాలర్లు. వాడు ఆ దేశంలో ఉంటున్నవాడు కాబట్టి కొంచెం తక్కువ, అయినా చిన్న మొత్తం కాదు. మాస్కు ఉందిగా, దూరంగా నిలబడతాడుగా అనుకున్నాను. జువాలజీ మాస్టారిని, నేననుకున్నాను ఆ మాట. చివరికి వాడే చెయ్యెత్తి "నాకు జలుబండీ" అని చెప్పి కుర్చీలోంచి లేచాడు. నాకంటే వాడే నయం.

జలుబుకి ఇంత హడావిడా అని మీకు అనిపించొచ్చు. పల్స్ పోలియో ఆదివారాలు గుర్తున్నాయా? నేనూ బూత్‌లో కూర్చుని చుక్కలు వేశాను. 1966లో టాంజానియాలోని గోంబేలో చింపాంజీలకి పోలియో వచ్చింది. చేతులూ కాళ్ళూ పడిపోయి నేల మీద ఈడ్చుకుంటూ తిరిగాయి. అక్కడ చింపాంజీల మీద పరిశోధన చేస్తున్న జేన్ గుడాల్ బృందం పోలియో మందుని అరటిపండ్లలో పెట్టి తినిపించింది. మన అంగన్‌వాడీ టీచర్లు పిల్లల్ని వెతుక్కుంటూ ఇంటింటికీ తిరిగినట్టే, వాళ్ళు ఏ చింపాంజీకి ఎన్ని మోతాదులు పడ్డాయో లెక్క చూసుకుంటూ అరటిపండ్లు పంచారు.

అది పాత కథ. కొత్తది వినండి. ఇదే కిబాలెలో కన్యవారా అనే చోట పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనిస్తున్న గుంపు ఒకటుంది. 2013లో అందులో 56 చింపాంజీలుంటే 5 చనిపోయాయి. రెండేళ్ళ పిల్ల కూడా పోయింది. కారణం రైనోవైరస్ సి. అంటే బడి తెరిచిన వారానికల్లా మన పిల్లలకి ముక్కు కారించే వైరస్ అన్నమాట. ఆ తర్వాత 2016 చివర, 2017 మొదట్లో అదే అడవిలోని ఎన్గోగోలో 25 పోయాయి. ఈసారి వైరస్ పేరు హెచ్‌ఎంపీవీ. 2025 జనవరిలో మన టీవీలు గొంతు చించుకున్నాయే, అదే. మనలో చాలామందికి నాలుగు రోజుల దగ్గు, తర్వాత అదే పోతుంది. వాటి ఒంటికి ఆ అలవాటు లేదు. దగ్గరి చుట్టరికానికి ఇదొక మూల్యం. మన జబ్బులు వాటికి తేలిగ్గా అంటుకుంటాయి. ఎన్గోగోకి టూరిస్టుల్ని పంపరు కూడా, అది పరిశోధకుల చోటు.

ఇక్కడ అసలు సంగతి ఒకటి చెప్పాలి. ఇది చెప్పడానికే ఈ రోజు మీ ముందుకొచ్చాను, మిగతాదంతా ముచ్చట.

అడవి చింపాంజీ మనిషిని చూస్తే పారిపోతుంది. అది దాని సహజ గుణం. జేన్ గుడాల్ 1960 జూలై 14న గోంబేలో పడవ దిగినప్పుడు ఆమెకి 26 ఏళ్ళు. నెలల పాటు ఆమెకి కనిపించింది ఎదుటి కొండ మీద పరుగెత్తే నల్లటి వీపులు. భయం ముందుగా వదిలింది తెల్లగడ్డం మగది ఒకటి. డేవిడ్ గ్రేబియర్డ్ అని పేరు పెట్టుకుంది. ఆ ఏడాది నవంబర్లోనే అది చెదపుట్టలోకి గడ్డిపుల్ల దూర్చి, దానికి అంటుకొచ్చిన చెదల్ని పెదవులతో లాక్కుని తినడం చూసింది. మన ఏజెన్సీలో ఉసిళ్ళ రుచి తెలిసినవాళ్ళకి ఆ చింపాంజీ అభిరుచి గురించి చెప్పక్కర్లేదు. తర్వాత ఆవిడ అరటిపండ్లు పెట్టి వాటిని దగ్గరికి రప్పించింది. దాంతో గెలలకోసం కొట్లాటలు పెరిగాయి. పెట్టడం తగ్గించాల్సి వచ్చింది. ఆవిడ 2025 అక్టోబర్ 1న, 91 ఏళ్ళ వయసులో పోయారు. చివరి రోజుల దాకా ఊళ్ళు తిరిగి మాట్లాడుతూనే ఉన్నారు.

కన్యాంచులో అరటిపండు ఎర వేయలేదు. 1991 నుంచి అక్కడి సిబ్బంది చేసింది ఒక్కటే, రోజూ వెంట నడవడం. మొదట చింపాంజీలు పారిపోతాయి. కొన్ని నెలలకి పారిపోకుండా అరుస్తాయి, కొమ్మలు విరిచి ఊపి బెదిరిస్తాయి. ఇంకా కొన్నాళ్ళకి చూసీ చూడనట్టు ఊరుకుంటాయి. దీనికి ఏళ్ళు పడుతుంది. ఆ మనుషులు తెల్లవారుజామున చింపాంజీలు పడుకున్న గూళ్ళ కిందికి వెళ్తారు, సాయంత్రం అవి కొత్త గూళ్ళు కట్టుకునేదాకా వెంటే ఉంటారు. ఏమీ పెట్టరు, ఏమీ లాక్కోరు, తరమరు. పెళ్ళింట్లో ఎవరి తరఫువాడో తెలియని దూరపు చుట్టం ఉంటాడే, మొదటి రోజు అందరూ చూస్తారు, మూడో రోజుకి ఎవరూ పట్టించుకోరు. అలా విసుగు పుట్టేదాకా కనబడాలి.

కాబట్టి మనం కొనే పర్మిట్ చింపాంజీని చూడటానికి కాదు. చింపాంజీ మనని పట్టించుకోకుండా ఉండటానికి. మన చేత భయం వదిలించుకున్న జంతువు దగ్గరికి మన జలుబు కూడా సులువుగా వెళ్తుంది, వేటగాడూ సులువుగా వెళ్తాడు. ఒకసారి భయం పోగొట్టాక ఇక రోజూ కాపలా కాయాల్సిందే. నా లెక్కలో అది అప్పు. రేంజర్లు వడ్డీ కడుతున్నారు.

సరే, అడవిలోకి వెళ్దాం. ప్యాంటు సాక్సులోకి దోపుకున్నాం, దండు చీమలు ఎక్కకుండా. ముందు రేంజరమ్మ, భుజాన తుపాకీ. అది చింపాంజీలకి కాదు, ఏనుగు ఎదురైతే గాల్లోకి కాల్చడానికి. నలభై నిమిషాలు నడిచాం. అడవిలో ఏమీ లేదు. నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది, మాస్కులో ఊపిరి ఉడుకుతోంది. ఉన్నట్టుండి ఎడమ పక్క లోయలోంచి ఒక కేక. ‘హూ’ అని మెల్లగా మొదలై, ఊపిరి తీసినప్పుడొకటి, వదిలినప్పుడొకటి, మెట్టు మెట్టుగా ఎక్కి, ఆఖరికి గొంతు పగిలిన అరుపు. వెంటనే ఇంకో పక్క నుంచి జవాబు. తర్వాత డప్పు. నిజంగానే డప్పు మోగినట్టే. అక్కడి పెద్ద చెట్లకి వేర్లు నేల మీద పలకల్లా నిలబడి ఉంటాయి. మగవి ఆ పలకల మీద చేతులతో, కాళ్ళతో దబదబ వాయిస్తాయి. ‘నేనిక్కడున్నాను’ అని అర కిలోమీటరు అవతల ఉన్నవాడికి కబురు. మా ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకుంది. ఏళ్ళయింది అలా పట్టుకుని. (నవ్వులు)

పెద్ద మేడిచెట్టు కింద కనిపించాయి. మన మేడి కాదు, దాని బంధువు. పైన ఏడెనిమిది. పండు నమిలి, రసం పీల్చి, పిప్పిని చెరకు పిప్పిలా ఉండ చేసి కిందికి ఉమ్ముతున్నాయి. నా భుజం మీద ఒకటి పడింది, దాచుకోవాలనిపించింది కానీ రేంజరమ్మ తీసేయమంది. కాసేపటికి ఒకటి చెట్టు దిగి, వేళ్ళ కణుపుల మీద నడుచుకుంటూ మా ముందు నుంచే వెళ్ళింది. మేం చెట్లం అన్నట్టు వెళ్ళింది. ఆ పట్టించుకోకపోవడమే ఎంత గొప్పదో అప్పటికి నాకు తెలుసు కాబట్టి కళ్ళు చెమర్చాయి. ఫోటో తీయలేదు. తీశాననుకున్నాను, తర్వాత చూస్తే నా బొటనవేలు పడింది.

రెండు మగవి నేల మీద కూర్చుని ఒకదాని వీపు ఒకటి వెతుక్కుంటున్నాయి. పుస్తకాల్లో దీనికి పెద్ద పేరుంది. మన అరుగుల మీద పేలు చూసుకోవడమే అది. వెంట్రుకలు పాయలు తీసి, కళ్ళు చికిలించి, పెదవులు చప్పరిస్తూ. పేలు లేకపోయినా చూస్తాయి. మన అమ్మలక్కలు మాత్రం పేల కోసమే కూర్చునేవాళ్ళా ఏమిటి? కబుర్ల కోసం. ఇక్కడా అంతే, పొత్తుల కోసం. చింపాంజీల్లో మగపిల్లలు పుట్టిన గుంపులోనే ఉండిపోతారు, ఆడపిల్లలు ఈడు వచ్చాక వేరే గుంపుకి వెళ్ళిపోతారు. కనక అన్నదమ్ముల మధ్య, సావాసగాళ్ళ మధ్య ఎవరు ఎవరి పక్క అన్నదే అక్కడి రాజకీయం. పెద్దరికం ఒక్క కండతో రాదు.

వాటిలో ఒకదానికి ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. అయినా ఆ మొండి చేత్తోనే అవతలివాడి వెంట్రుకలు అదిమిపట్టి, కుడి చేత్తో వెతుకుతోంది. ఏమైందని సైగ చేశాను. రేంజరమ్మ వేలు గుండ్రంగా చుట్టి చూపించింది. ఉచ్చు.

ఉచ్చులు చింపాంజీల కోసం పెట్టరు. ఆ ప్రాంతంలో చింపాంజీ మాంసం తినే అలవాటు లేదు. చిన్న జింకల కోసం, అడవి పందుల కోసం పెడతారు. తీగ ఉచ్చు చింపాంజీ చేతికి పడితే అది లాగుతుంది, లాగినకొద్దీ బిగుస్తుంది, తెగేదాకా లాగుతుంది. తీగ తెగి చేతికే ఉండిపోతే, నెలల మీద చెయ్యి కుళ్ళి రాలిపోతుంది. ఉచ్చులు ఏరడానికే మనుషుల్ని పెట్టి రోజూ అడవి గాలిస్తారు. అలా ఏరేవాళ్ళలో ఒకప్పుడు ఉచ్చులు పెట్టినవాళ్ళూ ఉన్నారు. ఉచ్చు ఎక్కడుంటుందో వాళ్ళకి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది?

పెట్టినవాణ్ణి తిట్టడం సులువు. 1992లో ఆ అడవి దక్షిణపు భాగంలోంచి వేలాదిమందిని ఖాళీ చేయించారు, అక్కడ చేలు వేసుకుని బతుకుతున్నవాళ్ళని. ఇప్పుడు అంచున ఉన్నవాళ్ళకి రాత్రిళ్ళు ఏనుగులు. కందకాలు తవ్వారు, అయినా వస్తాయి. పార్కు ప్రవేశ రుసుములో 20 శాతం చుట్టుపక్కల ఊళ్ళకి ఇవ్వాలని చట్టం ఉంది. ఒక్క రాత్రిలో పోయిన చేనుకి అది ఏ మూలకి? మన చిత్తూరు వైపు, పార్వతీపురం వైపు రైతుని అడగండి, చెబుతాడు.

ఇంకో సంగతి చెప్పకపోతే మీకు చింపాంజీలంటే సాధువులన్న అభిప్రాయం మిగిలిపోతుంది. ఎన్గోగో అన్నానే, అక్కడ ఒకప్పుడు దాదాపు 200 ఉండేవి, తెలిసినవాటిలో అంత పెద్ద గుంపు ఇంకోటి లేదు. ఆ మగవి వరుసగా, చప్పుడు లేకుండా సరిహద్దు దాకా వెళ్ళి పక్క గుంపువాళ్ళని చంపేవి. పదేళ్ళలో 21 చావులు లెక్కకొచ్చాయి. 2009లో ఆ నేలని ఆక్రమించాయి. వాటి రాజ్యం 22 శాతం పెరిగింది. పరిశోధకుల భాష అయితే వేరుగా ఉంటుంది, నాకు మాత్రం పల్నాడు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఆ పెద్ద గుంపే రెండుగా చీలింది. ఒకప్పుడు ఒకరి వీపు ఒకరు చూసుకున్నవాళ్ళే ఒకర్నొకరు చంపుకున్నారు. మేం చూసిన మేడిచెట్టు కింద శాంతి నిజమే, అదీ నిజమే.

గంట అయిపోయింది. ఎలా అయిందో తెలీదు. రేంజరమ్మ వాచీ చూపించి వెనక్కి తిప్పింది. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ మా ఆవిడకి ఒక పేరు పెట్టింది. ఆ ప్రాంతపు టోరో జనానికి ఎంపాకో అని ఒక ఆచారం. ప్రతి మనిషికీ సొంత పేరు కాక పన్నెండు పిలుపు పేర్లలో ఒకటి ఉంటుంది, ప్రేమగా గౌరవంగా పిలవాలంటే అదే పిలుస్తారు. మా ఆవిడ ‘అమోటి’. ఇప్పటికీ మంచి మూడ్‌లో ఉంటే ఆ పేరుకే పలుకుతుంది.

బావమరిది? దగ్గర్లోని బిగోడి అనే ఊళ్ళో చిత్తడి నేల ఉంది, ఊరివాళ్ళే చూపిస్తారు, ఆ డబ్బుతో హైస్కూలు కట్టుకున్నారు. అక్కడ తిరిగాడట. ఎర్ర కోలొబస్ కోతుల్ని, నెమలంత డాబుగా ఉన్న నీలం తురాకో పిట్టని చూసి, మాకంటే ఎక్కువ ఫోటోలతో వచ్చాడు.

నాది అయిపోయింది. ఎవరైనా ఏమైనా అడగొచ్చు.

(సభలోంచి ఒక అమ్మాయి: "సార్, మళ్ళీ అవకాశం వస్తే వెళ్తారా?")

మంచి ప్రశ్నే అడిగావమ్మా. దీన్ని ఎవరూ అడగకపోతే బావుండుననుకున్నాను.

అడవికి వెళ్ళొచ్చిన మర్నాడు రాత్రి నాకు గొంతు గరగర మొదలైంది. మూడో రోజుకి ముక్కు దిబ్బడ, దగ్గు, అన్నీ. కంపాలా నుంచి అదే కారులో, మా బావమరిది పక్క సీటులో, అద్దాలు ఎత్తుకుని ఆరు గంటలు కూర్చుని వచ్చాను కదా. రేంజరమ్మ అడిగినప్పుడు నాకు జలుబు లేదు, నేను అబద్ధం చెప్పలేదు. కానీ ఆ పొద్దున్నే అది నా ముక్కులో చేరి ఉండొచ్చు. మాస్కు ఉంది, నిజమే. మధ్యలో ఒక్కసారి, నీళ్ళు తాగడానికని, కిందికి లాగాను. ఆ మొండిచెయ్యిది అప్పుడు ఎటు వైపుందో ఇప్పటికీ గుర్తు తెచ్చుకుంటూ ఉంటాను.

ఇంటికొచ్చాక ఆ పార్కుకి ఈమెయిల్ రాశాను, జరిగింది జరిగినట్టు, తేదీతో సహా. రెండు వారాలకి జవాబొచ్చింది. చెప్పినందుకు థాంక్స్, ఆ గుంపు బాగానే ఉంది, అని రెండు లైన్లు. ఆ రెండు వారాలూ మా ఆవిడ ఎన్ని కషాయాలు పెట్టినా నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

వెళ్తానా అంటే, వెళ్తానమ్మా. ఈసారి బస్సులో.